జూజువాడి మేస్త్రి చెవి

పోయిన నెల మా ఆవిడ కొత్త చీర కట్టుకుని వచ్చి ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాను. ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "నోరు బాగుండాదంటా ఉండాది, మొహం అనలేదు" అంటూ లోపలికి పోయి చీర మార్చుకుని వచ్చింది. మా ఇంట్లో ఇది మామూలే. నా మొహంలో ఏదీ దాగదు. పేకాటలో నాకు ఎదురుగా కూర్చున్నవాడికి ఆ పూట పండగ. పెళ్ళిళ్ళలో వంట ఎలా ఉందని ఎవరైనా నన్ను అడుగుతారేమోనని మా ఆవిడ చెయ్యి కడిగిన వెంటనే నన్ను బయటికి లాక్కొస్తుంది. వ్యాపారం చేసుకునే ఇంట్లో పుట్టినవాడికి ఇంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి ఉండదు.

నేను పుట్టుకతో ఇలాంటివాణ్ణి కాను. ఈ జబ్బు నాకు జూజువాడిలో ఒక బండి మెకానిక్కు అంటించాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మా ఆవిడ చీర మార్చుకుని వచ్చిన ఆ పూట ఆయన ఎంతగా గుర్తొచ్చాడంటే, అంగట్లో కూర్చుని ఒకరికి పావుకిలో బదులు అరకిలో పొడి తూచి ఇచ్చాను.

ఆయన పేరు నాకు తెలియదు. పదిహేనేళ్ళు పోయి వచ్చిన చోట మనిషి పేరు తెలియదంటే ఎవరూ నమ్మరు. అందరూ మేస్త్రీ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. షెడ్డు మీద బోర్డు లేదు. ఆయన కూడా ఎవరినీ పేరు పెట్టి పిలిచేవాడు కాదు. పాలు పోసే అతను పాలప్ప, బళ్ళో చదువు చెప్పే అతను అయ్యవారప్ప, పూలు కట్టి అమ్మే ఆమె పూలమ్మ. హోసూరులో మాది టీపొడి అంగడి కాబట్టి నేను టీపొడప్పనయ్యాను. వారానికి నాలుగు రోజులు పాత బండి మీద వెనక రెండు సంచులు కట్టుకుని డెంకణికోట, జవళగిరి పక్క పల్లెల్లోని టీకొట్లకు పొడి వేసి రావడం నా పని. ఆ బండి మా చిన్నాయన వాడి వాడి వదిలేసింది. టూ స్ట్రోక్ ఇంజిను, పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. దాని పొగ వాసన నా చొక్కాల్లో ఉండేది, టీపొడిలోకి రాకుండా చూసుకోవడానికి నా తల ప్రాణం తోకకు వచ్చేది.

తొంభైల మొదట్లో ఒక ఆయుధపూజ అయిన మర్నాటి నుంచి బండికి వింత రోగం పట్టుకుంది. ఆరేడు మైళ్ళు బ్రహ్మాండంగా పోయేది. ఆ తరువాత దగ్గి, మూలిగి, నిలిచిపోయేది. రోడ్డు పక్కన కాసేపు కూర్చుని లేచి కిక్కు కొడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయ్యేది. హోసూరులో ముగ్గురు మెకానిక్కులకు చూపించాను. ముగ్గురూ కార్బరేటరే అన్నారు. ముగ్గురూ దాన్ని విప్పి, కడిగి, ఊది, బిగించారు. రోగం ఉన్నచోటే ఉంది. ఒకరోజు పొద్దున బెంగుళూరు దారిలో, సరిగ్గా కర్ణాటక సరిహద్దు మీది జూజువాడి చెక్‌పోస్టు దగ్గర బండి నిలిచిపోయింది. లారీలు వరసకట్టి నిలబడిన ఆ రోడ్డు పక్కన, ఒక టైర్ల అంగడికీ టీకొట్టుకూ మధ్య రేకుల షెడ్డు కనిపిస్తే తోసుకుంటూ పోయాను.

లుంగీ కట్టుకుని, చెవి వెనక స్క్రూడ్రైవరు పెట్టుకుని, యాభై ఏళ్ళ మనిషి ఒకాయన బీడీ తాగుతున్నాడు. చెవి వెనక బీడీ పెట్టుకునేవాళ్ళను చూశాను గానీ స్క్రూడ్రైవరు పెట్టుకున్నవాణ్ణి అదే చూడడం.

"ఏమప్పా బండికి?"

"కార్బరేటరు చెడిపోయినాది మేస్త్రీ."

"అది నేను గదా చెప్పల్ల. ఏమి జరిగిందో నువ్వు చెప్పు."

"నిలిచిపోతా ఉండాది."

"యాడ? గట్టు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?"

"రెంటిలోనూ. ఆరేడు మైళ్ళు పోతే చాలు."

"నిలిచిపోయినాక ఎంతసేపటికి బతుకుతాది?"

"ఒక టీ తాగేంతసేపు."

"వేడి టీనా, ఆరిన టీనా?"

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. కాదు, నిజంగానే అడుగుతున్నాడు. ఆరిన టీ అన్నాను. ఆయన బీడీ దూరంగా పారేసి, కార్బరేటరు వైపు కూడా చూడకుండా పెట్రోలు ట్యాంకు మీదికి వంగి, మూతకు చెవి ఆనించి, మెల్లగా మూత తిప్పాడు. "విన్నావా?" అన్నాడు. నాకు లారీల హారన్లు తప్ప ఏమీ వినపడలేదు. "గాలి లోపలికి పోయింది. ట్యాంకుకు ఊపిరాడలేదప్పా" అని మూత తీసి నా చేతిలో పెట్టాడు. మూత నడుమ ఉండే సన్నని బెజ్జం మీద మా అమ్మ ఆయుధపూజకు పెట్టిన పసుపు, గంధం, కుంకుమ ఎండి అట్టకట్టుకుని ఉన్నాయి. పెట్రోలు తగ్గేకొద్దీ పైనుంచి గాలి పోవాల్సిన దారి అదొక్కటే. దాన్ని మేము భక్తిగా మూసేశాము.

చీపురుపుల్లతో ఆ బెజ్జం గీకుతూ, "బొట్టు పెట్టేది పెట్టండి. ముక్కు మూయాకండి" అన్నాడు. ప్రతి ఆయుధపూజ తరువాతి వారం ఆయన షెడ్డు ముందు ఇలా ఊపిరాడని బండ్లు అయిదారు నిలబడేవని తరువాత తెలిసింది. ఆ మాట ఇంటికి పోయి చెబితే మా అమ్మకు కోపం వచ్చింది. మరుసటి ఏడాది నుంచి బొట్టు హెడ్‌లైటు నుదుటికి మారింది.

అప్పటి నుంచి నేను ఇంకో మెకానిక్కు మొహం చూడలేదు. బండి బాగున్నా సరే, ఆదివారం పొద్దున పది గంటలకు జూజువాడి పోయి ఆయన బల్ల మీద కూర్చోవడం అలవాటైపోయింది. ఆయనకు చెడిపోయిన బండి కన్నా దాన్ని తెచ్చిన మనిషి మీద ఎక్కువ ఆసక్తి. ఏ రోగమైనా ఎవరి పని మాటల్లో వాళ్ళకే చెప్పేవాడు. పాలప్పకు, "నీ పెట్రోలులో నీళ్ళు కలిసినాయి. ఆ పని నువ్వు చేస్తావు గానీ నీకే ఎవురో చేసినారు" అనేవాడు. వానాకాలంలో మూత సరిగ్గా వేయక నీళ్ళు దిగడం పాలప్పకు మామూలు. అయ్యవారప్పకు ఇంజిను ఎన్ని మార్కులతో పాసయిందో చెప్పేవాడు. నాకు మాత్రం అంతా టీయే. "కార్బరేటరంటే టీ కలిపే చెయ్యప్పా. గాలి పాలు, పెట్రోలు డికాషను. చెయ్యి మంచిదే. పాలు విరిగినా, పొడి పుచ్చినా జనం చేతినే తిడతారు."

స్పార్కు ప్లగ్గు విప్పి దాని కొసను నాకు చూపించి పరీక్ష పెట్టేవాడు. నల్లగా, మసితో తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోందని అర్థం, ఆయన భాషలో కటిక డికాషను. టీ రంగులో, మా అంగట్లో మేలురకం పొడితో కాచిన టీ రంగులో ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంటే ప్రమాదం. పెట్రోలు చాలక, దాంతో రావాల్సిన ఆయిలు చాలక, లోపల ఇంజిను కాలిపోతోందన్నమాట, పరుగులోనే పట్టేసి మనిషిని పడేయొచ్చు. "నల్లగుంటే బండి కరుసు. తెల్లగుంటే మనిషి కరుసు" అని నవ్వేవాడు.

కార్బరేటరు లోపల జెట్టు అని చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది. దాని బెజ్జంలోంచే పెట్రోలు రావాలి. మిగతా మెకానిక్కులు అందులో చెత్త పడితే తీగతోనో పిన్నీసుతోనో పొడిచేవారు. పొడిస్తే బెజ్జం పెద్దదవుతుంది, బండి ఇక జన్మలో బాగుపడదు. ఈయన అగ్గిపెట్టెలో ఎద్దు తోక వెంట్రుకలు దాచుకుని, వాటితో ఆ చెత్త తీసేవాడు. డెంకణికోట పక్క అడవి అంచు పల్లెలో పశువులు మేపుకునే ఇంట్లో పుట్టినవాడు. అన్నదమ్ములు ఇంకా అక్కడే ఉన్నారు, ఏనుగులు తిన్నంత తినగా మిగిలిన రాగులు పండించుకుంటూ. ఊరికి పోయి వచ్చినప్పుడల్లా కొత్త వెంట్రుకలు తెచ్చుకునేవాడు. ఎర్ర ఎద్దు వెంట్రుక మెత్తన, నల్లెద్దుదైతేనే పనికి వస్తుందని ఆయన సిద్ధాంతం.

లారీ డ్రైవర్లతో తమిళం, చెక్‌పోస్టు అవతలివాళ్ళతో కన్నడం మాట్లాడేవాడు. బండితో మాత్రం తెలుగే. "ఏమమ్మా, ఏమి నొప్పి? చెప్పు, చెప్పు" అని దాని ట్యాంకు తట్టేవాడు. కోపం వస్తే కన్నడంలో తిట్టేవాడు. అది బండికి అర్థం కాదని ఆయన నమ్మకం.

ఇక సెట్టింగు. అందరూ మెకానిక్కులే, కానీ ఆయన సెట్టింగు కోసం కృష్ణగిరి నుంచి కూడా బండ్లు వచ్చేవి. కార్బరేటరు పక్కన గాలిని ఎక్కువ తక్కువ చేసే చిన్న స్క్రూ ఉంటుంది. ఇంజిను వేడెక్కాక దాన్ని పూర్తిగా మూసి, ఒకటిన్నర చుట్టు విప్పి, అక్కడి నుంచి వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ వినాలి. సరైన చోటికి వచ్చినప్పుడు ఇంజిను చప్పుడులోని చిరాకంతా పోయి ఒకే తీరుగా, నిద్రపోయే పిల్ల ఊపిరిలా నడుస్తుంది. ఆ పని మొదలుపెట్టేముందు బండి సొంతగాణ్ణి తరిమేసేవాడు. "ఆ పక్క పోయి కూకో. నువ్వు ఊపిరి విడిస్తే నాకు వినపడదు" అనేవాడు. రోడ్డు మీద లారీ వస్తే చెయ్యెత్తి ఆగేవాడు, అది పోయాక మళ్ళీ తిప్పేవాడు. కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వాల్చి, నోరు కొంచెం తెరిచి వినేవాడు. దొరికిందనగానే స్క్రూడ్రైవరు లుంగీకి తుడుచుకుని చెవి వెనక పెట్టుకునేవాడు. "ఇంక ముట్టాకప్పా" అనేవాడు. ముట్టవద్దన్న ఆ మాట తరువాత ఆ స్క్రూను ఎవరు ముట్టినా ఆయనకు తెలిసిపోయేది. ముట్టినవాడి బండి ఒక నెల దాకా చూసేవాడు కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక చిన్న మార్పు వచ్చింది. నాకది మంచి మార్పుగా కనిపించింది. సెట్టింగు చేసేటప్పుడు సొంతగాణ్ణి తరమడం మానేశాడు. పైగా, "ఎదురుగా నిలుచుకోప్పా. నీ బండే గదా, నువ్వూ విను" అని పిలిచి నిలబెట్టుకునేవాడు. వయసు మీద పడి మెత్తబడ్డాడనుకున్నాను. ఆయన మూసిన కళ్ళు తెరుచుకున్నాయని గమనించడానికి నాకు రెండు నెలలు పట్టింది. స్క్రూ తిప్పుతూ ఆయన ఇంజినును చూడడం లేదు. నా మొహం చూస్తున్నాడు.

ఆ సంగతి తేలిపోయింది మాత్రం ఒక ఆదివారం మధ్యాహ్నం. ఆయన భార్య రోజూ ఒంటిగంటకు సంగటి క్యారియరు తెచ్చేది. ఆ రోజు ఆయన వీపు వెనకే నిలబడి రెండుసార్లు పిలిచింది. రోడ్డు మీద ఒక్క లారీ లేదు. ఆయన తిరగలేదు. ఆయమ్మ మూడోసారి పిలవలేదు. ముందుకు వచ్చి, క్యారియరు ఆయన కంటికి కనపడేలా పెట్టి, నా వైపు చూసి, తల అడ్డంగా ఊపింది. ఎవరికీ చెప్పొద్దని ఆ ఊపుకు అర్థం.

మేస్త్రికి చెవులు వినపడడం లేదు. అంత పేరు తెచ్చిన చెవి ఆయనది. అది పోయిందని ఒక్కరికి తెలిస్తే చాలు, కృష్ణగిరి బండ్లు హోసూరులోనే ఆగిపోతాయి, షెడ్డు మూసుకోవాల్సి వస్తుంది. అది సరే, ఆ మనిషి పొద్దున లేచి ఎక్కడికి పోతాడు? బండి మోత ఎవరి చెవికి బాగా పడుతుందో వాడి మొహం విప్పారుతుందని ఆయన కనిపెట్టాడు. సొంతగాడికి తన బండి చప్పుడు ఇంట్లో మనిషి గొంతంత తెలుసు కదా. ఆయన తన చెవికి బదులు మాటకు మా పెదవులను, బండి చప్పుడుకు మా మొహాలను వాడుకుంటున్నాడు. ఆ తెలివికి నేను మనసులోనే దండం పెట్టాను. పైకి ఏమీ ఎరగనట్టు ఉండిపోయాను.

తప్పు ఇక్కడ జరిగింది, చేసింది నేనే. ఆ తరువాత ఏడాది ఎండాకాలంలో ఒక ఆదివారం నా బండికే సెట్టింగు. రేకుల కింద ఉడికిపోతున్నాం. ఆయన స్క్రూ తిప్పాడు, నా మొహం చూశాడు, మళ్ళీ తిప్పాడు. సరైన చోటు రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ నా మొహం చదివేలోపే ఆయన చెయ్యి దాటిపోయింది. చెమట గడ్డం మీంచి ట్యాంకు మీద పడుతోంది. కళ్ళు మాత్రం నా మొహం మీంచి తీయలేదు. పరీక్ష ఫలితం కోసం చూసే పిల్లవాడి కళ్ళవి. నేను తట్టుకోలేకపోయాను. చప్పుడు ఇంకా పలచగా, గరగరగా ఉండగానే నవ్వు తెచ్చుకుని కళ్ళు విప్పార్చాను. ఆయన మొహం వెలిగింది. స్క్రూడ్రైవరు తుడుచుకున్నాడు. "ఇంక ముట్టాకప్పా" అన్నాడు.

ముట్టలేదు నేను. హోసూరులో ఎవరితోనైనా సరిచేయించుకోవచ్చు. అది ఆయనకు ద్రోహమనిపించింది. మంగళవారం టీపొడి సంచులతో డెంకణికోట దాటి జవళగిరి దారిలో పోతున్నాను. అడవిలో ఒక పొడుగాటి దిగువ ఉంది. యాక్సిలరేటరు వదిలేసి దిగుతుంటే సగం దారిలో ఇంజిను కీచుమని పట్టేసింది. వెనక చక్రం తిరగడం మానేసి ఈడ్చుకుపోయింది. క్లచ్చు పట్టుకోబట్టి పడలేదు. రోడ్డు పక్క అప్పుడే వేసిన ఏనుగు లద్దె పొగలు కక్కుతోంది. బండి చల్లారేదాకా కదలడానికి లేదు. ఏనుగులు వస్తే ఎటు పరిగెత్తాలా అని ఆలోచిస్తూ, అవి టీపొడి తింటాయా తినవా అని కూడా ఆలోచిస్తూ, గంటసేపు ఆ లద్దెకు ఎదురుగా కూర్చున్నాను. ఏనుగు రాలేదు. చల్లారిన బండి ఎలాగో స్టార్టయింది. ఆ రోజు ఒక్క అంగడికి కూడా పొడి వేయకుండా, ఎద్దులబండి వేగంతో నేరుగా జూజువాడి చేరాను.

దిగువలో బండి పట్టేసిన సంగతి చెబితే ఆయన ఇంకేమీ అడక్కుండా ప్లగ్గు విప్పాడు. తెల్లగా ఉంది, సున్నం కొట్టినట్టు.

"ఎవురు ముట్టినారు?"

"ఎవురూ ముట్టలేదు మేస్త్రీ."

ప్లగ్గును అరచేతిలో తిప్పి చూసి బల్ల మీద పెట్టాడు. తరువాత నా రెండు భుజాలూ పట్టుకుని తనకు ఎదురుగా తిప్పుకున్నాడు.

"ఆ దినం నేను నిలిపినప్పుడు బండి బాగుండెనా?"

"బాగుండె" అని నా నోరు అంది. ఆయన నోరు చూడలేదు. నా మొహంలో దేన్ని చూశాడో గానీ చేతులు తీసేసి బల్ల మీద కూలబడ్డాడు.

"ఏంటికప్పా అట్ల చేస్తివి? ముసలోడు, పాపం అనుకొంటివా?"

నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

"దిగువలో ఇంజిను పట్టేసె. నీ చెయ్యి క్లచ్చు మీద లేకుంటే? ఈ పొద్దు నీ పెండ్లానికి నేనేమి చెబుదును?" ఆయన ప్లగ్గు చేతిలోకి తీసుకుని లుంగీకి తుడిచాడు. "నా చెవి పోయినాది. సరే, పోనీ. నీ మొహం గూడా పోతే నేను యాడికి పోదునప్పా?"

చెవి పోయిందని ఆయన నోటితో అనడం అదే మొదటిసారి, అదే చివరిసారి. ఏడవకూడదనుకుంటూనే ఏడ్చాను. ఆయన ఏడవలేదు. ప్లగ్గు బిగించి బండి స్టార్టు చేశాడు. "ఎదురుగా నిలుచుకో. నీ నోరు ఏమన్నా చెప్పనీ, వ్యాపారం చేసేవాడివి. నా ముందర నిలుచుకున్నప్పుడు మాత్రం నీ మొహం అబద్ధం చెప్పకూడదు. ఒప్పుకొంటివా?"

"ఒప్పుకొంటిని మేస్త్రీ."

ఆ రోజు ఆయన చెయ్యి ఎనిమిదిసార్లు దాటిపోయింది. ఎనిమిదిసార్లూ నా మొహం మాడ్చుకునే నిలబడ్డాను. తొమ్మిదోసారి దొరికింది.

ఆ తరువాత ఆరేడేళ్ళు ప్రతి ఆదివారమూ నేను ఆయన చెవిని. బల్లను గోడ పక్క నుంచి తెచ్చి బండి నిలబెట్టే చోటికి ఎదురుగా వేశాడు. నేను అక్కడ పేపరు పట్టుకుని కూర్చునేవాణ్ణి. బండి ఎవరిదైనా కావచ్చు, స్క్రూ తిప్పుతూ ఆయన ఒకసారి సొంతగాణ్ణి చూసేవాడు, ఒకసారి పేపరు మీంచి నన్ను చూసేవాడు. ఇద్దరం దాని గురించి మళ్ళీ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఒక పెళ్ళికి పోవాల్సి వచ్చి ఒక ఆదివారం మానేస్తే, సోమవారం ఆయన నాతో కన్నడంలో మాట్లాడాడు.

ఇదంతా ఎవరికీ తెలియకుండా చేస్తున్నామని నేను మురిసిపోయేవాణ్ణి. ఒకరోజు పాలప్ప టీకొట్టులో నా పక్కన కూర్చుని, "ఈ ఆదివారం ఉంటావు గదప్పా?" అని అడిగాడు. ఏమిటికన్నాను. పాలప్పది ఎప్పుడూ ఒకే మొహం, ఇంట్లో దూడ పుట్టినా చచ్చినా అదే మొహం. "నా మొహం మేస్త్రికి పనికి రాదు. దాంట్లో ఏమీ కనపడదు. అందుకే నువ్వు ఉండే దినమే బండి తెస్తాను" అన్నాడు. మెల్లగా కూపీ లాగితే, అయ్యవారప్పకూ తెలుసు, పూలమ్మకూ తెలుసు, టైర్ల అంగడివాడికీ తెలుసు. చెవి పోయిందని తెలిసే అందరూ బండ్లు తెస్తున్నారు. ఎవరికి వారు తమకొక్కరికే తెలుసనుకుని నోరు మూసుకున్నారు.

కార్బరేటరు లేని కొత్త బండ్లు రోడ్డు మీదికి రావడం మొదలైన రోజుల్లో ఆయనకు జబ్బు చేసింది. తిన్నది ఇమడక చిక్కి సగమయ్యాడు. అప్పటికి చెవి పూర్తిగా పోయింది, భార్య చేతి సైగలే భాష. కృష్ణగిరి ఆసుపత్రిలో చేర్చారని తెలిసి బండి మీదే పోయాను. పొద్దున పదకొండు గంటలు. కిటికీ పక్క మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే చెవి వెనక తడుముకున్నాడు. అక్కడ స్క్రూడ్రైవరు లేదు.

అంతలో డాక్టరు వచ్చాడు. సేలం పక్కనుంచి వచ్చిన కుర్ర డాక్టరు, మంచివాడు. ఆయమ్మనూ నన్నూ మంచం పక్కనే నిలబెట్టి తమిళంలో చెప్పసాగాడు. కడుపులో గడ్డ ఉంది, అది అప్పటికే కాలేయానికి పాకింది. బెంగుళూరుకు తీసుకుపోతే కోసి చూస్తారు. ఈ వయసులో, ఈ బలహీనతలో ఆపరేషను బల్ల మీది నుంచి లేస్తాడని చెప్పలేనన్నాడు. లేచినా మూడు నాలుగు నెలలు, అవీ నొప్పితోనే. డాక్టరు మెల్లగా, ఏదీ దాచకుండా చెప్పుకుపోతున్నాడు. ఆయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది.

మేస్త్రి డాక్టరు వైపు చూడడం లేదు. నా మొహం చూస్తున్నాడు.

నాకు పారిపోవాలనిపించింది. ఒక్క చిన్న నవ్వు తెచ్చుకుంటే చాలు. వారం పది రోజుల్లో ఇంటికి పోదువు, షెడ్డు తెరుద్దువు అన్నట్టు కళ్ళు విప్పార్చితే చాలు. లోకంలో ఎవరైనా ఆ పనే చేస్తారు. ఒకసారి నేనూ ఆ పని చేసినవాణ్ణే. జవళగిరి దిగువ గుర్తొచ్చింది. తెల్లటి ప్లగ్గు గుర్తొచ్చింది. నేను తల తిప్పుకోలేదు. కన్నీళ్ళు తుడుచుకోలేదు. డాక్టరు చెప్పేదంతా పూర్తయ్యేదాకా ఎదురుగా అలాగే నిలబడ్డాను.

మేస్త్రి డాక్టరు చివరి మాట దాకా నా మొహమే చూశాడు. తల ఒక పక్కకు వాల్చి, నోరు కొంచెం తెరిచి, వెనకటి రోజుల్లో ఇంజిను విన్నట్టే చూశాడు. తరువాత కుడిచెయ్యి దుప్పటికి మెల్లగా తుడుచుకున్నాడు.

"ఇంక ముట్టాకని చెప్పప్పా ఆయనకు" అన్నాడు.

డాక్టరుకు తెలుగు రాదు. ఏమంటున్నారని నన్ను అడిగాడు. ఆపరేషను వద్దంటున్నారని చెప్పాను. ఆయమ్మ గోడ వైపు నుంచి తిరిగి భర్త మొహం చూసి, అవునన్నట్టు తలూపింది. మేస్త్రి నా చెయ్యి పట్టుకుని, "మంచి పని చేసినావు" అన్నాడు. ఆయన నాకు ఇచ్చిన మెప్పు జన్మలో అదొక్కటే.

ఆ సాయంత్రమే జూజువాడికి తెచ్చాం. పది రోజులు బతికాడు. నడుమ ఒక ఆదివారం వచ్చింది. పది గంటలకు బండి ఆయన ఇంటి వాకిట్లో నిలిపి, లోపలికి పోయి మంచానికి ఎదురుగా కూర్చున్నాను. కళ్ళు తెరిచి కాసేపు నా మొహం చూశాడు.

"బండి బాగుండాది" అన్నాడు.

బాగుంది నిజంగానే. ఆ ఉదయం హోసూరు నుంచి వచ్చేటప్పుడు ఒక్కసారి కూడా దగ్గలేదు.